లామినేషన్ చేయించిన జవాబు: మానవ హక్కుల సంస్థలకు శ్రీకాకుళం తీరం నుంచి బహిరంగ లేఖ

ప్రపంచమంతటా మానవ హక్కుల కోసం పనిచేస్తున్న సంస్థల బాధ్యులకు,
ఢిల్లీలోని జాతీయ మానవ హక్కుల కమిషన్ వారికి,
కర్నూలులోని రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ వారికి,

అయ్యా, అమ్మా,

నమస్కారం. నాది శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డున ఒక ఊరు. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు నా పని అర్జీలు రాయడం. ఎవరూ నాకు అప్పజెప్పిన పని కాదు. పింఛను ఆగిపోయినవాళ్లు, పాసుపుస్తకంలో పేరు తప్పు పడ్డవాళ్లు, కొడుకు గల్ఫ్‌లో చిక్కుకుపోయినవాళ్లు సాయంత్రమయ్యేసరికి మా అరుగు మీదికి వస్తారు. నేను రాస్తాను, వాళ్లు వేలిముద్ర వేస్తారు.

అలా రాసిన వాటిలో కొన్ని మీకు రాసినవి. మా ఊరి కుర్రాడొకడు గుజరాత్‌లోని వేరావల్‌లో బోటెక్కి వేటకు వెళ్లి, పాకిస్తాన్ వాళ్లకు పట్టుబడి, పద్నాలుగు నెలలు కరాచీ జైల్లో ఉన్నాడు. ఆ పద్నాలుగు నెలల్లో వాడి తల్లి తరఫున మీలో మూడు సంస్థలకు తొమ్మిది ఉత్తరాలు పంపాను. ఆరు స్పీడ్ పోస్టులో, మూడు ఈమెయిల్లో. రెండు సంస్థల నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. మూడోది జవాబిచ్చింది. పేర్లు చెప్పను. ఒకరిని వేలెత్తి చూపిస్తే మిగతావాళ్లు ఇది తమ సంగతి కాదనుకుంటారు.

ఆ జవాబు గురించి ముందు చెప్పాలి. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక జిరాక్స్ షాపులో కూర్చుని ఈమెయిల్ పంపించాం. ఆ తల్లి నా పక్కనే స్టూలు మీద కూర్చుంది. నిమిషం తిరక్కుండానే జవాబొచ్చింది. షాపు కుర్రాడు ప్రింటు తీసి ఇచ్చాడు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. మీ సందేశం అందింది. మాకు చాలా సందేశాలు వస్తుంటాయి కాబట్టి అందరికీ విడిగా రాయలేం. ఇది కంప్యూటర్ దానంతటది పంపిన ఉత్తరం. దీనికి తిరిగి జవాబు రాయవద్దు. ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాను. ఆమెకు మొదటిదే వినబడింది.

"అందిందన్నారా బాబూ?"

"అందిందమ్మా."

"సాలు బాబూ. ఆలకి తెలిసింది, అది సాలు."

ఇరవై రూపాయలిచ్చి ఆ కాగితం లామినేషన్ చేయించుకుంది. ఇంట్లో పైడితల్లమ్మ పటం వెనక పెట్టుకుంది. డ్వాక్రా అప్పు వాయిదా అడగడానికి వచ్చినవాళ్లకీ, సర్వేకి వచ్చిన సచివాలయం పిల్లకీ తీసి చూపించేది. "మా గుంటడి కేసు పై దేశమోళ్లు సూస్తన్నారు" అని చెప్పేది. ఎవరూ చూడటం లేదని ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ తప్పు నాది కూడా.

మీరు చేసిన మంచిని నేను కాదనడం లేదు. ఊరూ పేరూ తెలియని ఖైదీల కోసం ఉత్తరాలు రాయించే పని 1961లో మొదలుపెట్టి 1977లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ కథను మా పిల్లలకు నేనే చెప్పేవాణ్ని. 2022లో ఖతర్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు ముందు, అక్కడ నష్టపోయిన వలస కూలీలకు 44 కోట్ల డాలర్లు పక్కన పెట్టమని ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫాను హ్యూమన్ రైట్స్ వాచ్, ఆమ్నెస్టీ, ఇంకా చాలామంది కలిసి అడిగారు. ఆ కూలీల్లో మా వైపు వెల్డర్లూ ఉన్నారు. ఈ దేశంలో మీకు ఇబ్బందులున్నాయనీ తెలుసు. ఖాతాలు స్తంభించిపోయి 2020 సెప్టెంబరులో ఆమ్నెస్టీ ఇక్కడ పని ఆపేసుకుంది. అవన్నీ లెక్కలోకి తీసుకున్నాకే ఇది రాస్తున్నాను.

మా సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఇంత తీరంలోనూ పెద్ద బోట్లు కట్టుకునే హార్బర్ ఇన్నేళ్లూ లేక, మా కుర్రాళ్లు తరతరాలుగా ఎక్కడెక్కడికో వెళ్లి వేట చేస్తున్నారు. ఎక్కువమంది వేరావల్ వెళతారు. పడమటి తీరంలో వేట నిషేధం వానాకాలం మధ్యలో ముగుస్తుంది. దానికి ముందే రైలెక్కేస్తారు, మళ్లీ ఎండాకాలానికి వస్తారు. బోటును నడిపించేవాడు తండేలు, మిగతావాళ్లు కలాసీలు. గుజరాత్ పైన సర్ క్రీక్ దగ్గర భారత్, పాకిస్తాన్‌ల మధ్య హద్దే తేలలేదు. రెండు ప్రభుత్వాలూ తేల్చుకోలేని గీతను అర్ధరాత్రి వల లాగుతున్న కలాసీ తేల్చుకోవాలి!

2018 నవంబరులో ఇలాగే మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 22 మంది పట్టుబడ్డారు. అందులో 20 మంది 2020 జనవరి 6న వాఘా దాటి ఇంటికొచ్చారు. విజయనగరం జిల్లా తిప్పలవలస వాళ్లు బంగ్లాదేశ్ జైలు చూసి వచ్చారు. అప్పుడు టీవీలొచ్చాయి, నాయకులొచ్చారు, దండలు పడ్డాయి. ఆ తర్వాత అందరూ ఆ సంగతి మరిచిపోయారు. పట్టుబడటం మాత్రం ఆగలేదు. 2025 జులై 1న రెండు దేశాలూ మార్చుకున్న జాబితాల ప్రకారం పాకిస్తాన్ జైళ్లలో మన మత్స్యకారులు 193 మంది, మన జైళ్లలో పాకిస్తాన్ మత్స్యకారులు 81 మంది ఉన్నారు. ఆ 81 మందికీ తల్లులున్నారు. ఈ లేఖ వాళ్ల కోసం కూడా.

ఒక మనిషి అలా జైల్లో పడితే ఇక్కడ ఇంట్లో ఏం జరుగుతుందో మీ నివేదికల్లో నాకు ఎక్కడా కనపడలేదు. అందుకే వరసగా రాస్తున్నాను.

1. అన్నిటికన్నా ముందు, మనిషి ఉన్నాడో లేడో తెలియదు. బోటు యజమాని ఫోన్ చేసి "బోటు పట్టుకున్నారు" అంటాడు. ఎవరెవరు దొరికారు, ఎవరికైనా దెబ్బలు తగిలాయా, నీళ్లలో ఎవరైనా పడిపోయారా, అతనికీ తెలియదు. 2008 మే 21న రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందం ప్రకారం మూడు నెలల్లోపు మన దౌత్యాధికారులు ఖైదీలను కలిసే వీలు ఇవ్వాలి. కాగితం మీద మూడు నెలలు అంటే ఇంట్లో తొంభై రాత్రులు. మా కుర్రాడి నుంచి మొదటి ఉత్తరం ఆరో నెలలో వచ్చింది. నాలుగు లైన్లు. వాడికి చదువు రాదు, పక్కనున్న మరో తెలుగు కుర్రాడు రాసిపెట్టాడు. "అమ్మా నాను బాగున్నాను. జొరం తగ్గింది" అని ఉంది. తగ్గింది అంటే అంతకు ముందు వచ్చిందనేగా. ఎన్ని రోజులు ఉంది, మందులిచ్చారా, పక్కన ఎవరున్నారు? ఆ "తగ్గింది" పట్టుకుని ఆమె రెండు నెలలు నిద్రపోలేదు. నాతో ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివించుకుందో లెక్కలేదు. చదివినప్పుడల్లా ఆ మాట దగ్గర ఆపి, "అదే రాసినాడా, మీరు సదువుతున్నారా?" అని అడిగేది.

2. డబ్బు. సీజన్ ముందు యజమాని అడ్వాన్సు ఇస్తాడు. అది పాత అప్పులకు, ఇంటి ఖర్చుకు పోతుంది. బోటు పట్టుబడితే జీతం ఆగిపోతుంది, అడ్వాన్సు అప్పుగా మిగిలిపోతుంది. యజమానినీ పూర్తిగా తప్పు పట్టలేం, లక్షల బోటు పోగొట్టుకున్నవాడు అతనూ బావురుమంటూనే ఉంటాడు. ఇక్కడ ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ. ఆమె చెవి దిద్దులు మొదటి నెలలో, కోడలి పుస్తెలు నాలుగో నెలలో తాకట్టుకు వెళ్లాయి. కోడలు పసుపుకొమ్ము కట్టుకుని తిరిగింది. వేట నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే సాయం 20,000 రూపాయలు చేసి, 2025 ఏప్రిల్‌లో మా పక్కన బుడగట్లపాలెంలోనే ముఖ్యమంత్రి పంచారు. మంచిదే. మైకు మా ఊరికీ వినబడింది. కానీ ఆ డబ్బు ఇక్కడి బోటు మీద పేరున్నవాడికి. గుజరాత్ బోటెక్కినవాడి పేరు ఏ జాబితాలోనూ ఉండదు.

3. చదువు. కుర్రాడి చెల్లెలు ఇంటర్ రెండో సంవత్సరంలో కాలేజీ మానేసి రొయ్యల ప్లాంటుకు వెళ్లింది. తెల్లవారుజామున నాలుగింటికి వ్యాను వస్తుంది. రోజంతా ఐసులో చేతులు. అన్న తిరిగొచ్చాక కూడా ఆ పిల్ల కాలేజీకి వెళ్లలేదు.

4. తిరిగొచ్చాక ఏం జరుగుతుందో ఎవరూ అడగరు. వాడు ఇరవై కిలోలు తగ్గి వచ్చాడు. జైల్లో ఏం జరిగిందని ఎవరైనా అడిగితే లేచి వెళ్లిపోతాడు. వాడి మాట రాసుకోవడానికి మీలో ఒక్కరూ రాలేదు. వచ్చి ఉంటే మెల్లగా చెప్పేవాడేమో. జాతీయ కమిషన్‌కు చెబుదామంటే, ఘటన జరిగి ఏడాది దాటితే విచారణకు తీసుకోకూడదని 1993 చట్టంలోనే ఉంది. పద్నాలుగు నెలలు జైల్లో ఉన్నవాడు ఏడాదిలోగా ఎలా ఫిర్యాదు చేస్తాడు? వచ్చిన నాలుగో నెలలో వాడు మళ్లీ వేరావల్ వెళ్లాడు. అప్పు తీరాలంటే ఇంకేం చేస్తాడు? ఆ రోజు ఆమదాలవలస స్టేషన్‌లో నేనూ ఉన్నాను. తల్లి రాలేదు.

5. ఇదంతా సముద్రం మీది బాధే కాదు. ఉద్దానం వైపు, ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట మండలాల నుంచి వెల్డర్లు, బరువులెత్తి బిగించే రిగ్గర్లు గల్ఫ్‌కు వెళతారు. పది పాసవ్వని వాళ్లకు వలస అనుమతి కావాలని 1983 నాటి చట్టం. దాన్ని తప్పించడానికి ఏజెంటు విజిట్ వీసా మీద పంపేస్తాడు. అక్కడ పాస్‌పోర్టు యజమాని చేతిలో ఉంటుంది. జీతం అడిగితే "పారిపోయాడు" అని కేసు. ఇలాంటివి నా దగ్గరికి ఏడాదికి రెండు మూడు వస్తాయి.

నేను తెలుగు మాస్టారిని, లాయర్ని కాను. అయినా ఈ పద్నాలుగు నెలల్లో కొన్ని కాగితాలు చదివాను. 1982 నాటి సముద్ర చట్టాల ఒప్పందంలో 73వ అధికరణం ఉంది. తీర దేశం తన ప్రత్యేక ఆర్థిక మండలంలో, అంటే తీరం దాటాక తనకే వేట హక్కున్న సముద్ర భాగంలో, చేపల వేట నిబంధనలు మీరిన పరాయి దేశం వాళ్లకు, ఆ రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలు శిక్ష వేయకూడదని అందులో స్పష్టంగా రాసుంది. తగిన పూచీకత్తు తీసుకుని బోటునూ మనుషులనూ త్వరగా వదిలేయాలని కూడా ఉంది. భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో దీన్ని ఆమోదించాయి. 2008 ఒప్పందం ప్రకారం చూసినా శిక్ష పూర్తయి, ఏ దేశస్థుడో ఖాయమైన నెల రోజుల్లో ఇంటికి పంపాలి. శిక్ష పూర్తయ్యాక కూడా నెలల తరబడి, ఏళ్ల తరబడి అక్కడే ఉన్నవాళ్లున్నారు. పాకిస్తాన్ జైల్లో ఉన్న కుల్‌భూషణ్ జాదవ్‌కు దౌత్యాధికారులను కలవనివ్వలేదని మన దేశం హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి 2019 జులై 17న గెలిచింది. టీవీలో ఆ తీర్పు చూస్తూ సంతోషించాను. అదే రోజుకు మా ఉత్తరాంధ్ర కుర్రాళ్లు 22 మంది కరాచీలోనే ఉన్నారు. వాళ్ల పేర్లు హేగ్‌లో ఎవరికీ తెలియవు.

సరిహద్దు అవతల మావాళ్ల కోసం మాట్లాడినవాళ్లు ఉన్నారు. పాకిస్తాన్ మానవ హక్కుల కమిషన్ పేరుతో 1987 నుంచి అక్కడ పౌరులే నడుపుతున్న సంఘం ఉంది. అక్కడి మత్స్యకారుల సంఘం ఉంది. విడుదలైనవాళ్లను కరాచీ నుంచి లాహోర్ దాకా చేర్చి, చేతిలో ఖర్చులకు డబ్బు పెట్టి పంపే ఈధీ ఫౌండేషన్ ఉంది. మా కుర్రాడు జైలు గురించి నోరు విప్పడు గానీ, ఈధీ వాళ్లు ఇచ్చిన తువ్వాలు మాత్రం దాచుకున్నాడు.

మా జిల్లాలో హక్కుల సంఘం అన్న మాట కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం 1974లో శ్రీశ్రీ అధ్యక్షుడిగా పుట్టింది. 1998లో మానవ హక్కుల వేదిక వచ్చింది. 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లు వద్దన్నవాళ్ల మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అప్పటి నుంచి నిజనిర్ధారణ కమిటీ అంటే ఏమిటో ఇక్కడ చదువురాని ముసలమ్మకీ తెలుసు. వాళ్లు బస్సు దిగి నడిచి వస్తారు, చాప మీద కూర్చుంటారు, తెలుగులో అడుగుతారు, తెలుగులో రాసుకుంటారు. తర్వాత ఆ కరపత్రం ఊరికి తిరిగి వస్తుంది. అందులో తప్పుంటే ఊరివాళ్లే చెబుతారు. వాళ్లకు జెనీవాలో ఆఫీసు లేదు. వాళ్ల ఆఫీసు చాలాసార్లు ఎవరో ఒక లాయరు గారి ముందుగది.

ఇక భాష సంగతి. 1948 డిసెంబరు 10 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 500కు పైగా భాషల్లోకి వెళ్లింది. తెలుగులోనూ ఉంది. మొదటి అధికరణంలో "పురుషులందరూ" అన్నట్టుగా ఉన్న మాటను "మనుషులందరూ" అని మార్పించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. ఆ ప్రకటనను తెలుగులో నేనే తొమ్మిదో తరగతికి చదివి వినిపించాను. ఎనిమిదో అధికరణం దగ్గర, అంటే హక్కు పోతే న్యాయస్థానాల ద్వారా తగిన పరిష్కారం పొందే హక్కు ఉందన్న చోట, వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "దీన్ని ఎవరికి చూపించాల మాస్టారూ?" అన్నాడు. అప్పుడు నవ్వేశాను. ఇప్పుడు జవాబు కోసం వెతుకుతున్నాను. ప్రకటన తెలుగులో ఉంది గానీ ఫిర్యాదు ఫారం నాకు కనపడలేదు. ఐక్యరాజ్యసమితి అధికార భాషలు ఆరు. 2011 లెక్కల ప్రకారమే 8 కోట్ల మందికి పైగా మాట్లాడే తెలుగు అందులో లేదు, నేను చూసిన మీ వెబ్‌సైట్లలోనూ లేదు.

ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది, చెప్పి తీరాలి. మా తొమ్మిది ఉత్తరాల్లో ఒకదాన్ని ఫోన్‌లో పెట్టి ఇంగ్లీషులోకి మార్చాం. మేం "వేటకు వెళ్లి పట్టుబడ్డాడు" అని రాశాం. మాకు వేటంటే చేపలవేటే. ఫోన్ మాత్రం దాన్ని అడవి జంతువుల వేటగా మార్చేసింది. బ్యాంకులో పనిచేసే నా పాత స్టూడెంటు చూసి పట్టుకునేసరికి ఈమెయిల్ వెళ్లిపోయింది. మీలో ఒకరి దగ్గర మా కుర్రాడు జంతువులను వేటాడటానికి దేశం దాటినవాడుగా నమోదై ఉన్నాడేమో. ఈ లేఖ ద్వారా అది సరిచేసుకోమని మనవి.

మా కలెక్టరేట్‌ని మేం తిట్టుకోని రోజు ఉండదు. అయినా సోమవారం గ్రీవెన్సుకు వెళ్లి అర్జీ ఇస్తే నంబరు వేసిన స్లిప్పు చేతిలో పెడతారు. ఆ నంబరు చెప్పి మళ్లీ అడగొచ్చు, పోట్లాడొచ్చు. ప్రపంచానికి జవాబుదారీతనం నేర్పే మీ దగ్గర ఆ స్లిప్పు లేదు.

మా డిమాండ్లు ఇవి.

1. తెలుగులో రాసిన అర్జీని తెలుగులోనే తీసుకోండి. రాయలేనివాళ్లు ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపితే అదీ తీసుకోండి. జాతీయ మానవ హక్కుల కమిషన్ నిబంధనల్లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో ఫిర్యాదు చేయవచ్చని ఎప్పటి నుంచో ఉంది. ప్రభుత్వ కమిషన్ ఒప్పుకున్నది మీరు ఒప్పుకోలేరా? అనువాదం ఖర్చంటారేమో. ఎచ్చెర్లలోనే అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. అడిగితే చేసే పిల్లలున్నారు. అడిగిన సంస్థే లేదు.

2. ప్రతి అర్జీకి ఒక నంబరు, ఆ నంబరు చెప్పి అడిగితే మాట్లాడే ఒక మనిషి.

3. చేయలేకపోతే చేయలేమని నెల రోజుల్లో చెప్పండి. ఇదే మా అన్నిటికన్నా పెద్ద డిమాండు. మీరు కాదంటే మేం ఇంకో గుమ్మం ఎక్కుతాం. మీరు కాదనకపోవడం వల్ల పద్నాలుగు నెలలు ఒకే గుమ్మం ముందు కూర్చున్నాం. మీ సంస్థ ఏ కేసులు తీసుకుంటుంది, ఏవి తీసుకోదు అన్నది ఒక పేజీలో తెలుగులో రాసి పెడితే సగం అర్జీలు మీదాకా రావు. నా కష్టమూ తగ్గుతుంది.

4. మత్స్యకారుల విషయంలో ఏటా జనవరి 1న, జులై 1న జాబితాలు మార్చుకున్నప్పుడల్లా మీరంతా కలిసి రెండు ప్రభుత్వాలనూ అడగండి. ఎవరి శిక్ష ఎప్పుడు పూర్తయింది, నెల గడిచినా ఎందుకు పంపలేదు అని పేరుపేరునా అడగండి. 73వ అధికరణాన్ని గుర్తు చేయండి. రెండు దేశాల రిటైర్డ్ జడ్జీలతో 2007లో వేసిన ఖైదీల కమిటీ 2013 తర్వాత కూర్చోలేదు. దాన్ని మళ్లీ కూర్చోబెట్టమని పట్టుబట్టండి. నెలకు ఒక్క ఫోను, ఐదు నిమిషాలు ఇప్పించండి చాలు. ఐదు నిమిషాల్లో జ్వరం సంగతి పూర్తిగా తెలిసిపోయేది. మన జైళ్లలోని కరాచీ వాళ్లకూ అదే ఫోను ఇప్పించండి.

5. జైల్లో ఉన్నవాళ్లకీ ఇంటివాళ్లకీ మధ్య క్షేమ సమాచారం చేర్చే ఏర్పాటు రెడ్‌క్రాస్‌కు ఉందని నాకు పదకొండో నెలలో తెలిసింది. శ్రీకాకుళంలో రెడ్‌క్రాస్ అంటే మాకు తెలిసింది రక్తదానం. ఇలాంటి దారులున్నాయని ప్రతి తీర గ్రామంలో, రామమందిరం గోడ మీద రాసి పెట్టించండి.

6. మా ఆడవాళ్ల ఏడుపు ఫోటోలు వాళ్లనడక్కుండా వేయొద్దు. అడిగి వేసినా, ఆ ఫోటో ఉన్న పుస్తకం ఒక కాపీ ఆ ఇంటికి పంపండి.

7. జాతీయ, రాష్ట్ర కమిషన్ల వారికి: విదేశీ జైళ్లలో ఉన్నవాళ్లకు ఏడాది గడువు వాళ్లు తిరిగి వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టేలా చట్టం మార్చమని ప్రభుత్వానికి సిఫారసు చేయండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏడాదికి రెండుసార్లయినా విచారణ పెట్టండి. మా ఊరి నుంచి కర్నూలు వెళ్లి రావాలంటే కలాసీ భార్యకు ఎన్ని రోజుల కూలి పోతుందో ఒకసారి లెక్కేయండి.

ఈ లేఖను మీ అందరికీ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. అరవై రోజులు చూస్తాం. ఆ తర్వాత రెండు జిల్లాల తీర గ్రామాల నుంచి ఇలా జవాబు రాని అర్జీలన్నీ పోగుచేసి, పేర్లతో, తేదీలతో పత్రికలకు ఇస్తాం. అప్పుడు సంస్థల పేర్లు కూడా రాస్తాం.

చివరగా ఒక సంగతి. కుర్రాడు తిరిగొచ్చిన వారానికి ఆమె మా అరుగు మీదికి వచ్చింది. చేతిలో సంచీ, సంచీలో చేపలు. కూర్చోమంటే కూర్చోలేదు.

"బాబూ, ఆ పై దేశమోళ్లకి ఒక ముక్క రాసీండి. మా గుంటడు వొచ్చీసినాడని. పాపం ఆలింకా ఎతుకుతుంటారు."

మర్నాడు ఇద్దరం మళ్లీ అదే జిరాక్స్ షాపుకు వెళ్లాం. అబ్బాయి క్షేమంగా ఇల్లు చేరాడని, మీ శ్రమకు కృతజ్ఞతలని, ఇక వెతకనక్కర్లేదని రాయించి పంపాను. నిమిషం తిరక్కుండానే జవాబొచ్చింది. అవే నాలుగు వాక్యాలు. ఆమె ప్రింటు తీయించుకుని, కొంగు ముడి విప్పి ఇరవై రూపాయలు తీసి, ఇది కూడా లామినేషన్ చెయ్యి నాయనా అని షాపు కుర్రాడికి ఇచ్చింది.

ఇట్లు,
అర్జీలు రాసే ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు,
ఎచ్చెర్ల మండలం, శ్రీకాకుళం జిల్లా